పిల్లల ప్రవర్తనా రుగ్మతలకు కారణాన్ని వెతకడం

పిల్లల్లో దూకుడు, ఎదిరింపు, ఆందోళన రుగ్మత స్థాయికి చేరినప్పుడు అసలు కారణాన్ని నిర్ధారించడం కష్టం. పేదరికం, తల్లిదండ్రుల మానసిక ఆరోగ్యం, జన్యువులు తరచూ ఒకే ఇంట్లో కలిసి ఉంటాయి. వాటిని విడదీసి చూడటానికి ఏ బిడ్డనూ ప్రయోగం పేరుతో పేదరికంలోకి నెట్టలేము, నెట్టకూడదు కూడా.

అందుకే అమెరికాలోని నార్త్ కరోలినాలో 1993లో మొదలైన గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ అధ్యయనం నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. జేన్ కాస్టెల్లో బృందం 1,420 మంది పిల్లలను పరిశీలిస్తున్న కాలంలోనే, 1996లో, అక్కడి చెరోకీ అనే ఆదివాసీ తెగవారి కాసినో (జూదశాల) తెరుచుకుని, దాని లాభాల్లో వాటా తెగ సభ్యులకు అందసాగింది. ఎవరి గుణగణాలతోనూ సంబంధం లేకుండా వచ్చిన ఆ ఆదాయం, పరిశోధకులు తామై చేయలేని ప్రయోగాన్ని చేసిపెట్టింది. పేదరికం నుంచి బయటపడిన కుటుంబాల పిల్లల్లో ఎదిరింపు, దుష్ప్రవర్తన లక్షణాలు ఎన్నడూ పేదరికం ఎరుగని పిల్లల స్థాయికి తగ్గాయని 2003లో వెలువడిన ఫలితాలు తెలిపాయి. ఆందోళన, కుంగుబాటు మాత్రం పెద్దగా మారలేదు. మార్పు వచ్చినచోట, పిల్లలను కనిపెట్టుకుని ఉండటానికి తల్లిదండ్రులకు వీలు పెరగడం ముఖ్య కారణంగా కనిపించింది. డబ్బు కంటే ఈ వివరమే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది.

జన్యువుల పాత్ర తక్కువేమీ కాదు. శ్రద్ధ నిలపలేకపోవడం, అతి చురుకుదనం కనిపించే ఏడీహెచ్‌డీ అనే రుగ్మతలో వారసత్వ ప్రభావం సుమారు 70 నుంచి 80 శాతమని కవలల అధ్యయనాలు అంచనా వేశాయి. అయితే ఆ సంఖ్య జనసమూహంలోని వ్యత్యాసాలను వివరించేదే తప్ప, ఒక బిడ్డ సమస్యలో ఎంత భాగం పుట్టుకతో వచ్చిందో చెప్పేది కాదు.