డోర్నకల్‌లో రెండు గంటలు

మంగళవారం, రాత్రి 9.30

కొత్తగూడెం పోయే బండి కళ్ళముందే వెళ్ళిపోయింది. వరంగల్‌లో మేమెక్కిన రైలు లేటు. డోర్నకల్ జంక్షన్‌లో దిగేసరికి దాని చివరి పెట్టె కనిపించింది, అంతే. తర్వాతి బండికి రెండు గంటల పైమాటే. అమ్మకు ఈరోజు ఒక్కపొద్దు. రెండు అరటిపళ్ళు తిని, చిన్నమ్మకు ఫోన్ చేసి నా మీద చాడీలు మొదలుపెట్టింది. "ముందు బండికే పోదామన్న, ఇంటదా!"

ఇక్కడి చర్చి చూడాలని నాకు ఎప్పటినుంచో ఉంది. అడిగితే అమ్మ ముఖం అదోలా పెట్టింది. కాజీపేట దర్గా ఉర్సు అంటే అందరికన్నా ముందు తనే బయల్దేరుతుంది. చర్చి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎందుకో వెనకాడుతుంది. "పోతే ప్రార్థన చెయ్యమంటరేమో" అంది. ప్లాట్‌ఫాం మీద ఉక్కపోతే నా పని సులువు చేసింది. ఆటో ఎక్కించాను.

దూరం నుంచి చూసి, "ఇది మసీదు కదనే" అంది. ఆ గుమ్మటాలు, మినార్లు చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. దగ్గరికి పోతే గుడి మండపంలో ఉండేలాంటి స్తంభాలు.

దీన్ని కట్టించింది బిషప్ అజరయ్య. తిరునెల్వేలి ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన తమిళుడు. 1912లో బిషప్ అయ్యారు. ఇంగ్లండ్‌లో పుట్టిన క్రైస్తవ శాఖ ఆంగ్లికన్ చర్చిలో ఆ పదవి అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే. ఏళ్ళ తరబడి కట్టుకుంటూ వచ్చి 1939లో దీన్ని ప్రతిష్ఠించారు. ఇదంతా మత సామరస్యం కోసం కట్టాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆయన మతప్రచారకుడు. మతమార్పిడి విషయంలో గాంధీకీ ఆయనకూ పొసగలేదు కూడా. ఆయన బాధ వేరు. కొత్తగా క్రైస్తవులైన పల్లె జనానికి ఇది దొరల గుడి అనిపించకూడదు. వాళ్ళ కోసం తెచ్చిన ఆ స్తంభాలు ఎనభై ఏళ్ళు దాటాక హనుమకొండ నుంచి వచ్చిన మా అమ్మకు పనికొస్తాయని పాపం ఆయన అనుకొని ఉండరు.

ఎవరూ చెప్పకుండానే అమ్మ చెప్పులు బయట విడిచింది. లోపలికి పోవాలా వద్దా అని గుమ్మం దగ్గర నిలబడితే, అక్కడి పెద్దాయన "ఎండల ఎందుకు నిలవడ్డరు, లోపలికి పోండ్రి" అన్నాడు.

అమ్మ తిన్నగా ఒక స్తంభం దగ్గరికి పోయి అరచెయ్యి ఆనించింది. "చల్లగుందే." దాని మీది తామరపువ్వు చెక్కడాన్ని వేలితో తడిమింది. వేయిస్తంభాల గుడికి పోయినప్పుడల్లా చేసే పనే ఇది, ముట్టుకోవడం, ఆ చెయ్యి కళ్ళకద్దుకోవడం. ఇక్కడ చెయ్యి సగం దాకా లేచి ఆగింది. నా వంక చూసింది. నేను కిటికీలో ఏదో ఉన్నట్టు అటు తిరిగాను.

ప్రార్థన చెయ్యమని ఎవరూ అడగలేదు. ఒక అరగంట కూర్చున్నాం. బయటికొచ్చాక పెద్దాయన్ని అమ్మే అడిగింది, దీని పేరేందన్నా అని. ఎపిఫనీ చర్చి అన్నాడు. తూర్పు దేశపు జ్ఞానులు నక్షత్రం వెంట నడిచొచ్చి పసిబిడ్డ యేసును చూసిన పండగ, జనవరి 6న వస్తుందని చెప్పాడు.

"వాళ్ళు గూడ మీ మతమేనా?"

ఆయన నవ్వాడు. "అప్పటికి మా మతమే లేదమ్మా."

"మరెందుకొచ్చిండ్రు?"

"చూసిపోదామని."

"మా తీర్గనే" అంది అమ్మ, చెప్పులు తొడుక్కుంటూ.

బండి ఎక్కగానే చిన్నమ్మ ఫోన్. ఇంతసేపు ఎక్కడున్నారని అడిగినట్టుంది. "గుడికి పోయినం" అంది అమ్మ. ఏ గుడి అని అడిగి ఉంటుంది, కాసేపు ఆలోచించి, "వచ్చినంక చెప్త తియ్" అని పెట్టేసింది.