నాన్న మోకాలి కోసం ఆటోమేటిక్

నాన్నకి ఎడమ మోకాలి నొప్పి మొదలయ్యాక క్లచ్ తొక్కడం కష్టమైంది. అందుకే ఈ నెలలో మూడు ఆటోమేటిక్ ఎస్‌యూవీలు నడిపి చూశాం. అన్నీ 1.5 లీటర్ ఇంజిన్‌లే, నడక మాత్రం దేనిది దానిదే.

మియాపూర్, కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో హోండా ఎలివేట్ సీవీటీ చాలా హాయిగా అనిపించింది. ఇందులో మామూలు గేర్లుండవు, బెల్టు, పుల్లీలే. కుదుపే తెలియదు. గట్టిగా తొక్కితే మాత్రం ముందు శబ్దం, ఆ తర్వాతే వేగం. సీవీటీల స్వభావమే అంత.

డ్యూయల్ క్లచ్ బండి ఔటర్ రింగ్ రోడ్డు మీద అద్భుతం. లోపల రెండు క్లచ్‌లుంటాయి, వాటిని బండే చూసుకుంటుంది. ఒకటి పనిలో ఉండగానే రెండోది తర్వాతి గేరును సిద్ధంగా ఉంచుతుంది కదా, ఓవర్‌టేక్‌కి ఆలోచించక్కర్లేదు. కానీ సిగ్నళ్ల దగ్గర పాకుతున్నప్పుడు కొంచెం కొంచెం జర్కులు. నాన్న చెయ్యి ప్రతిసారీ డ్యాష్‌బోర్డు మీదికి వెళ్లింది. నాకు మనసు చివుక్కుమంది.

చివరగా క్రెటా డీజిల్, 6 స్పీడ్ టార్క్ కన్వర్టర్. ఇంజిన్ బలం ద్రవం ద్వారా గేర్‌బాక్సుకి చేరుతుంది కాబట్టి మెత్తగా కదిలింది. అనంతగిరి కొండ చకచకా ఎక్కేసింది. దిగేటప్పుడు నాన్నే స్టీరింగ్ పట్టారు. మాన్యువల్ మోడ్‌లో రెండో గేరు వేసి, బ్రేకు మీద భారం పడకుండా దింపారు.

కింద టీ తాగాక తాళం నాకివ్వలేదు. "ఇంటిదాకా నేనే నడుపుతాలేరా" అన్నారు.