మూఢం వెళ్లేలోగా లాప్‌టాప్

పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం నా పని, ఉండేది అక్కయ్యపాలెంలో. 2025 నవంబరు ఆఖర్లో మొదలైన శుక్రమూఢం 2026 ఫిబ్రవరి మధ్య దాకా ఉంది కాబట్టి మా లైన్లో అందరికీ ఇప్పుడు కాస్త ఊపిరాడుతోంది. లాప్‌టాప్ మార్చాలంటే ఇదే సమయం. ముహూర్తాలు మొదలయ్యాక కొత్త మెషీన్‌లో సాఫ్ట్‌వేర్లు వేసుకుంటూ కూర్చునే తీరిక ఉండదు.

మధురవాడలో బీటెక్ చదువుతున్న మా అక్క కూతురు మాత్రం ఆగమంటోంది. "మావయ్యా, జనవరిలో లాస్ వేగాస్‌లో సీఈఎస్ ఎలక్ట్రానిక్స్ షో ఉంది. ఇంటెల్ కొత్త ప్రాసెసర్ పాంథర్ లేక్ వస్తోంది. ఒక్క నెల ఓపిక పట్టు!" మామూలు రోజుల్లో అయితే తన మాటే కరెక్టు. కొత్త మోడళ్లు రాగానే పాతవాటి రేట్లు దిగుతాయి. ఈసారి నేను ఆగడం లేదు.

నా దగ్గరున్న లాప్‌టాప్‌లో రైజెన్ 5800హెచ్ ప్రాసెసర్, ఆర్టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ చిప్, 16 జీబీ ర్యామ్ ఉన్నాయి. ఫుల్ హెచ్‌డీ ఎడిటింగ్‌కి ఇప్పటికీ ఏ లోటూ లేదు. కెమెరాలు మారడంతోనే చిక్కొచ్చింది. మా కెమెరామెన్లు ఇప్పుడు సోనీ కెమెరాల్లో 4కే, 10-బిట్, 4:2:2 హెచ్.265 వీడియో ఫార్మాట్‌లో తీస్తున్నారు. మామూలు 4:2:0 కంటే ఇందులో రంగుల సమాచారం రెట్టింపు. మండపం లైట్ల కింద ఎర్ర పట్టుచీర, పసుపు తలంబ్రాలు దేని రంగు దానికి నిలవాలంటే అది కావాలి కూడా. కానీ ఆ ఫైలును చదివే హార్డ్‌వేర్ డీకోడర్ 3060లో లేదు, ఆ తర్వాత వచ్చిన ఆర్టీఎక్స్ 40 సిరీస్‌లోనూ లేదు. భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది.

జీలకర్ర బెల్లం ఘట్టమే చూడండి. అడ్డుతెర దించగానే పెళ్లికూతురు కళ్లెత్తి చూసే ఆ క్షణం నాకు కావాలి. టైమ్‌లైన్ మీద మూడు కెమెరాల ఫుటేజి ఉంది. ప్లే చేస్తే సన్నాయి ఆగకుండా వినిపిస్తుంది, బొమ్మ మాత్రం తెర ఇంకా దిగకముందే బిగుసుకుపోతుంది. మళ్లీ కదిలేసరికి ఆ అమ్మాయి తల వంచేసుకుని ఉంటుంది. ఆ చూపు కోసం ఫ్రేము ఫ్రేమూ జరుపుతూ వెతకాలి. ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ కోసం తేలికపాటి నకలు ఫైళ్లు, చేసుకుంటే సాఫీగానే ఆడుతుంది, కానీ ఒక పెళ్లికి ప్రాక్సీలు తయారయ్యేసరికి రాత్రి గడిచిపోతుంది. ర్యామ్ పెంచినా ఈ సమస్య తీరదు.

ఇక్కడే నాకు లెక్క తేలిపోయింది. ఆ డీకోడర్ ఉన్న ఆర్టీఎక్స్ 50 సిరీస్ లాప్‌టాప్‌లు 2025 మార్చిలోనే వచ్చేశాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రో ఏప్రిల్లో దానికి సపోర్టు ఇచ్చింది. అంటే నాకు కావాల్సింది ఇప్పటికే షాపులో ఉంది. పాంథర్ లేక్ మంచి చిప్పే, ఇంటెల్ తన 18ఏ అనే కొత్త చిప్ తయారీ పద్ధతిలో చేస్తున్న మొదటి లాప్‌టాప్ ప్రాసెసర్ అది, తక్కువ కరెంటుతో నడవడం దాని బలం. కానీ నా లాప్‌టాప్ ఛార్జర్ ఊడదీసే అవసరమే రాదు, కాబట్టి ఆ బలంతో నాకు పనిలేదు.

రెండో కారణం ర్యామ్ ధర. ద్వారకానగర్‌లో నాకు తెలిసిన షాపతన్ని 32 జీబీ డీడీఆర్5 ర్యామ్ ఎంతని అడిగితే, "ఇవాళ తీసుకుంటే ఇదీ రేటు గురూ, వచ్చే వారానికి గ్యారంటీ ఇవ్వలేను" అన్నాడు. ప్రపంచంలో డీర్యామ్‌లో, అంటే ర్యామ్‌లో వాడే మెమరీ చిప్పుల్లో, ఎక్కువ భాగం చేసేది శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్, ఈ మూడే. అవి ఏఐ సర్వర్లకు కావాల్సిన మెమరీ వైపు మళ్లడంతో మనలాంటివాళ్లకు కొరత వచ్చింది. ఈ డిసెంబరులో మైక్రాన్ ఏకంగా క్రూషియల్ బ్రాండ్ వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. నేను ఎన్నో మెషీన్లలో వేయించిన ర్యామ్ అది, బాధనిపించింది. అక్టోబరులో మన విశాఖకు గూగుల్ 1,500 కోట్ల డాలర్ల ఏఐ హబ్ ప్రకటించినప్పుడు మా ఇంట్లో అందరం సంబరపడ్డాం. ఇప్పటికీ ఆ సంతోషం ఉంది. అలాంటి డేటా సెంటర్లు దేశదేశాల్లో లేస్తుంటే వాటిలోకి వెళ్లే మెమరీ, నేను కొనే మెమరీ ఒకే ఫ్యాక్టరీల నుంచి రావాలి. అందుకే జనవరిలో కొత్త మోడళ్లు వచ్చినా పాతవి చవకవుతాయన్న నమ్మకం నాకు లేదు.

అక్క కూతురికి మాత్రం ఆగమనే చెప్పాను. తన లాప్‌టాప్ ఇంకా బాగానే నడుస్తోంది, రోజూ కాలేజీకి మోసుకెళ్తుంది కాబట్టి బరువు, బ్యాటరీ తనకు ముఖ్యం. కాకపోతే సన్నటి లాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకోలేం. అందుకని కొనేటప్పుడే 32 జీబీ తీసుకోమన్నాను. డబ్బు చాలకపోతే ప్రాసెసర్ ఒక మెట్టు తగ్గించుకున్నా ఫర్వాలేదు.

నేను ఈ వారం ఆ జీలకర్ర బెల్లం క్లిప్పు ఎస్‌ఎస్‌డీలో వేసుకుని ద్వారకానగర్ వెళ్తున్నాను. రెండు ర్యామ్ స్లాట్లున్న 50 సిరీస్ మోడల్ చూపించమన్నాను. ప్రాక్సీలు లేకుండా మూడు కెమెరాలూ నా కళ్లముందు ఆగకుండా ఆడితే, బిల్లు రాయించేస్తాను.