లడ్డుగాడి తుంటి నొప్పి, మా ఇంటి సర్దుబాట్లు

లడ్డుగాడు మా లాబ్రడార్. ఏడేళ్లు నిండేసరికి వాడి ఒంట్లో ఏదో తేడా వచ్చిందని నేనంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. కుంటడం లేదు, మూలగడం లేదు, గిన్నె నాకి మరీ ఖాళీ చేస్తున్నాడు. అంత తినే కుక్కకి జబ్బేంటని అమ్మ, వయసు మీద పడుతోందిలే అని నాన్న. నాకు కనపడుతున్నవి వేరు. నాన్న స్కూటర్ చప్పుడు వినగానే గేటు దాకా ఉరికేవాడు కాస్తా, పడుకున్నచోటే తోకతో నేలని కొడుతున్నాడు. లేవాలంటే బరువంతా ముందుకాళ్ల మీద వేసి, వెనక భాగాన్ని ఈడ్చుకుంటూ లేస్తున్నాడు. పరిగెత్తినప్పుడు వెనక కాళ్లు రెండూ కలిపి కుందేలులా గెంతుతున్నాడు.

సంక్రాంతికి అక్కావాళ్లు వచ్చారు. అక్క కొడుకు ఆడుతూ ఆడుతూ వచ్చి వాడి నడుం మీద వాలాడు. పుట్టి బుద్ధెరిగాక ఎవరి మీదా గుర్రుమనని కుక్క పళ్లు బయటపెట్టింది. కరవలేదు. అయినా పండగ పూట ఇంట్లో పెద్ద గొడవే అయింది. కుక్కకి పొగరెక్కింది, కట్టి పడేయండని బావ. పొగరే అయితే పొద్దుట్నుంచీ తోక లాగుతుంటే ఊరుకున్నదేంటని నేను. అందరూ సద్దుమణిగాక వాడి పక్కన కూర్చుని మెడ దగ్గర్నుంచి మెల్లగా నిమురుతూ వచ్చాను. మెడ, భుజాలు, వీపు దాకా కళ్లు మూసుకుని హాయిగా ఉన్నాడు. చెయ్యి కుడి తుంటి మీదికి రాగానే నాలుక లోపలికి లాక్కుని, నోరు మూసి, తల తిప్పి నా చేతి వంకే చూశాడు. అంతే, అరుపేం లేదు.

దగ్గర్లో చూపిస్తే నొప్పి ఇంజెక్షన్ చేసి, పెద్దదైపోయింది కదండీ అని పంపేశారు. రెండు రోజులు హుషారుగా తిరిగి మళ్లీ మామూలే. అప్పుడు గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకి తీసుకెళ్లాం. తుంటి ఎక్స్‌రే కోసం కుక్కకి మత్తిచ్చి, వెల్లకిలా పడుకోబెట్టి, వెనక కాళ్లు తిన్నగా చాపి తీస్తారు. మెలకువలో ఉంటే ఆ భంగిమే దానికి నరకం. డాక్టరుగారు ఫిలిం లైటు మీద పెట్టి చూపించారు. తొడ ఎముక పైకొస గుండ్రంగా ఉండి తుంటి గిన్నెలో సరిగ్గా ఇమడాలి. మావాడికి పిల్లగా పెరిగే వయసులోనే ఆ గిన్నెకి సరైన లోతు రాలేదు. ఏళ్ల తరబడి ఎముక అందులో వదులుగా ఆడీ ఆడీ చదునైపోయింది, అంచుల వెంట కొత్త ఎముక పెరిగింది. హిప్ డిస్‌ప్లేసియా, దాని మీద ఆర్థరైటిస్. లాబ్రడార్లకీ జర్మన్ షెపర్డ్‌లకీ వంశంలోనే ఎక్కువగా వస్తుందట. ఎముక కొసని కోసేసే ఆపరేషన్ ఒకటుంది గానీ అది తేలిక కుక్కలకే బాగా కుదురుతుందన్నారు. మావాడు అప్పటికి 43 కిలోలు. మొత్తం కీలు మార్చే ఆపరేషన్ మా తాహతుకి మించింది.

“ఇది నయమయ్యేది కాదండీ, అదుపులో పెట్టుకోవాల్సింది” అన్నారాయన. ఆ మాట ముందే సూటిగా చెప్పినందుకు ఆయనకి దణ్ణం పెట్టాలి. లేకపోతే నూనెలూ కషాయాలూ అంటూ ఇంకో ఏడాది తిరిగేవాళ్లం.

మాత్రలు మొదలుపెట్టే ముందే మూత్రపిండాలకీ కాలేయానికీ రక్తపరీక్ష చేశారు. మెలాక్సికామ్ అనే నొప్పి మందు, అదీ తిండి పెట్టాకే. వాంతులైనా, విరేచనం నల్లగా వచ్చినా వెంటనే ఆపేసి ఫోన్ చెయ్యమన్నారు. స్టెరాయిడ్ మందులతో కలిపి ఇవ్వనే కూడదన్నారు. ఒకసారి సీసా అయిపోతే మందుల షాపు కుర్రాడు, మనుషుల నొప్పి మాత్రే సగం విరిచి వెయ్యండి మేడం, అన్నీ ఒకటే అన్నాడు. ఒకటి కాదు. మనం మింగే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కలకి కడుపులో పుళ్లు చేసి రక్తం కారేలా చేస్తాయి, మూత్రపిండాల్ని దెబ్బతీస్తాయి. ఇందులో రాబందుల కథ కూడా ఉంది. డైక్లోఫెనాక్ వాడిన పశువుల కళేబరాలు తిని రాబందులు కుప్పలుగా చచ్చిపోతుంటే 2006లో పశువైద్యంలో ఆ మందునే నిషేధించారు. దాని బదులు రాబందులకి హాని చెయ్యదని తేలిన మందు ఈ మెలాక్సికామే. లడ్డుగాడి సీసా చూసినప్పుడల్లా నాకు రాబందులు గుర్తొస్తాయి.

తర్వాత నరాల నొప్పికి గాబాపెంటిన్ కలిపారు. మొదట్లో వాడు తాగినవాడిలా తూలుతుంటే నాన్న హడలిపోయారు. అలవాటయ్యాక ఆ తూలుడు పోయింది. ఈ మందు మనుషుల సిరప్ రూపంలోనూ దొరుకుతుంది. అలాంటి కొన్నింటిలో తీపి కోసం జైలిటాల్ వేస్తారు, అది కుక్కలకి విషం. అందుకని మాకు క్యాప్సూలే రాశారు. ఇడ్లీ ముక్కలో పెట్టి ఇస్తే వాడికి పండగే.

మందుల సంగతి తేలికే. ఇంట్లో అసలు యుద్ధం తిండి దగ్గర జరిగింది. తొమ్మిది కిలోలైనా తగ్గాలన్నారు. మా ఇంట్లో కుక్క తిండంటే పెరుగన్నం, మధ్యలో మారీ బిస్కెట్లు, ఎవరి కంచంలో ఏం మిగిలితే అది. నోరులేని జీవాన్ని మాడుస్తావా అని అమ్మ నా మీద విరుచుకుపడింది. అమెరికాలో కుక్కల తిండి తయారుచేసే ప్యూరినా కంపెనీ 48 లాబ్రడార్ పిల్లల్ని జతలుగా పెంచి, ప్రతి జతలో ఒకదానికి పావు వంతు తక్కువ పెట్టుకుంటూ వస్తే, అవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయనీ, వాటికి కీళ్ల అరుగుదల కూడా ఆలస్యంగా వచ్చిందనీ డాక్టరుగారు చెప్పారు. అమ్మ చలించలేదు. ఇంటికొచ్చాక నాన్నే అన్నారు, “నీ మోకాళ్ల డాక్టరు నీకేం చెప్పాడు మరి?” అని. ఆ రాత్రి ఇద్దరికీ అన్నం తగ్గింది.

అన్నం సగానికి కోసి, ఉప్పూ ఉల్లిపాయా లేకుండా ఉడికించిన చికెన్, సొరకాయ, బీన్స్ పెట్టడం మొదలుపెట్టాం. కడుపు నిండినట్టే ఉంటుంది, ఒంటికి పట్టదు. వీధి చివర బియ్యం కొట్టాయన బస్తాలు తూచే కాటా మీద వాణ్ణి నిలబెట్టి తూచేవాళ్లం. ఆయన సీరియస్‌గా రసీదు పుస్తకం వెనక బరువు రాసుకునేవాడు. 38కి వచ్చేసరికే తేడా తెలిసింది. మందు పెంచకుండానే పొద్దున్నే లేచే తీరు మారింది. ఒక్కటే ఎంచుకోమంటే నేను మాత్రలకన్నా ముందు ఈ బరువునే పట్టుకుంటాను.

దాని తర్వాత నేల. ఇల్లంతా నున్నటి టైల్స్, పైగా రోజూ తడిగుడ్డ. తుంటి బలహీనంగా ఉన్న కుక్క దాని మీద నించుంటే వెనక కాళ్లు చెరో పక్కకీ జారిపోతాయి, పడిపోతానన్న భయంతో అసలు లేవడమే మానేస్తుంది. గోనె సంచులు పరిస్తే అవే జారాయి. కింద రబ్బరున్న పట్టాలు కొని, వాడి పడక దగ్గర్నుంచి నీళ్ల గిన్నె మీదుగా పెరటి గుమ్మం దాకా వరసగా పరిచాం. నీళ్ల గిన్నె పీట ఎక్కింది. అరికాళ్ల వేళ్ల మధ్య పెరిగే వెంట్రుకలు కత్తిరించి, గోళ్లు పొట్టిగా ఉంచితే పట్టు దొరుకుతుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, పాదం తిప్పి చూసినప్పుడు తెలిసింది. గుమ్మం మెట్లకి వడ్రంగి చేత ఏటవాలు చెక్క చేయించి దాని మీద కొబ్బరిపీచు పట్టా కొట్టించాం. ఆటో ఎక్కించాలంటే నాన్న పాత పంచె పొట్ట కిందుగా వేసి వెనక భాగాన్ని లేపి పట్టుకుంటాం. నడక మాత్రం మానిపించొద్దన్నారు. బంతి విసరడం బంద్. తెల్లారకముందే కాసేపు, పొద్దుగూకాక కాసేపు బందరు కాలువ గట్టు మీద మట్టిలో నడిపిస్తాం. బెజవాడ ఎండల్లో తారు రోడ్డు మీద వాడి కాలు పెట్టనివ్వను.

నొప్పిని కొలవడానికి ఒక కాగితం ఇచ్చారు. అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్లు తయారుచేసిందట. మొత్తం 11 ప్రశ్నలు. ఈ వారంలో నొప్పి బాగా ఎక్కువగా ఉన్నప్పుడు ఎంత, తక్కువగా ఉన్నప్పుడు ఎంత, లేవడానికీ నడవడానికీ మెట్లెక్కడానికీ ఎంత అడ్డొస్తోంది అని సున్నా నుంచి పది దాకా మార్కులు వెయ్యాలి. ముగ్గురం విడివిడిగా నింపాం. లేవడానికి అమ్మ మూడేసింది, నాన్న ఏడేశారు. అమ్మ వాణ్ణి చూసేది వంటింట్లో, మధ్యాహ్నం, ఒళ్లు వెచ్చబడ్డాక. నాన్న చూసేది తెల్లవారుజామున, బిగుసుకుపోయి ఉన్నప్పుడు. అప్పట్నుంచీ పాల ప్యాకెట్ల లెక్క రాసే క్యాలెండర్ మీదే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మార్కు పడుతోంది. తుపాను ముసురు పట్టిన వారాల్లో అంకెలు పెరుగుతాయి. వేడినీళ్ల బ్యాగు తువ్వాల్లో చుట్టి తుంటికి కాపడం పెడితే కొంత నయం.

ఎదురింటావిడ ఒకరోజు, ఎందుకమ్మా దాన్నలా బాధపెట్టడం, ఇంజెక్షన్ ఇప్పించెయ్యండి, పుణ్యముంటుంది అంది. కోపమొచ్చిన మాట నిజమే గానీ ఆ ప్రశ్న డాక్టరుగారిని నేనూ అడిగాను. క్యాలెండర్‌లో చెడ్డ రోజులు మంచి రోజుల్ని దాటితే, తిండి మీద, మనుషుల మీద ధ్యాస పోతే అప్పుడు మాట్లాడుకుందాం అన్నారు. కిందటి నెల కాగితం చూస్తే చెడ్డ రోజులు ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి.

ఇప్పుడు వాడు 34 కిలోలు. మెట్లు ఎక్కలేడు, గేటు దాకా మాత్రం వస్తాడు, నడిచే వస్తాడు. కిందటి రక్తపరీక్షలో మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ కాస్త అంచుకి వచ్చింది. ఈ నెలాఖరుకి మళ్లీ రక్తం ఇవ్వాలి. పెరిగితే మెలాక్సికామ్ ఆపి, గాబాపెంటిన్‌కి తోడు అమాంటడిన్ అనే మందు మొదలుపెడతామన్నారు. అది ఇడ్లీలో పెడితే మింగుతాడా లేదా అన్నది అమ్మ బెంగ.