ఓపెన్ మైక్‌లో మన మీద మనమే జోకు: నేను పాటించే పద్ధతి

బెంగళూరులో ఇందిరానగర్, కోరమంగళ వైపు కాఫీ షాపుల్లో, చిన్న హాళ్లలో, ఎవరైనా పేరిచ్చి స్టేజెక్కి జోకులు చెప్పగలిగే ఓపెన్ మైక్‌లు జరుగుతుంటాయి. ఎక్కువగా ఇంగ్లీషు, హిందీ, కన్నడం. తెలుగు అప్పుడప్పుడు తగులుతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే ఫారం నింపితే 4, 5 నిమిషాలు ఇస్తారు. టైమ్ అయిపోయే ముందు వెనకనుంచి ఫోన్ టార్చ్ చూపిస్తారు. అది కనిపించాక కొత్త జోకు ఎత్తుకోకూడదు. చిన్నదానికే పరువు పోయిందని ముడుచుకుపోయే అలవాటు వదిలించుకోవడానికి నేను పట్టిన దారి ఇది. జిమ్ కన్నా చవక.

రాసుకునేటప్పుడు పాతబడిన అవమానాలే తీసుకుంటాను. నిన్న బాస్ పెట్టిన చీవాట్లు పనికిరావు, గొంతులో కోపం తెలిసిపోతుంది. జనం నవ్వకపోగా మన తరఫున వాళ్లు ఇబ్బంది పడతారు.

తిట్టుకోవడం వేరు, నవ్వుకోవడం వేరు. 'నాకు పట్టుదల లేదు, ఏదీ పూర్తి చేయలేను' అంటే హాల్లోంచి 'అయ్యో' వస్తుంది. అదే బద్ధకాన్ని ఇలా చెప్పి చూడండి: 'కబ్బన్ పార్కులో పరుగెత్తడానికి 12 వేలు పెట్టి బూట్లు కొన్నాను. రోజూ పొద్దున్నే అవి వేసుకుని వెళ్తున్నాను. దోశకి. ఆటోలో.' ఇక్కడెవరూ జాలిపడరు. ధర ఉంది, చోటు ఉంది, అన్నిటికీ మించి డాంబికం ఉంది. మన జోకుల్లో అసలు సరుకు ఈ డాంబికమే. మొత్తం మనిషిని పనికిరానివాడిగా తేల్చకుండా, అతను చేసిన ఒక్క పని చూపిస్తే చాలు. మనస్తత్వవేత్త రాడ్ మార్టిన్ బృందం 2003లో ప్రచురించిన 32 అంశాల ప్రశ్నావళి కూడా తనను తాను కించపరుచుకునే హాస్యాన్నీ, కష్టాన్ని తేలిక చేసుకునే హాస్యాన్నీ వేర్వేరుగానే లెక్కగడుతుంది. స్టేజి మీద అంత శ్రమ అక్కర్లేదు, ఆ 'అయ్యో' వినిపిస్తే ఎటు పోయామో తెలిసిపోతుంది.

తెలుగులో ఇంకో చిక్కుంది. మన వాక్యం క్రియతో ముగుస్తుంది కాబట్టి నవ్వించే మాట మధ్యలో ఇరుక్కుపోతుంది. 'ఆటోలో దోశ తినడానికి వెళ్తున్నాను' అంటే, ఆటో దగ్గర నవ్వబోయినవాడు వాక్యం పూర్తయ్యేదాకా ఆగుతాడు, ఈలోపు నవ్వు చల్లారిపోతుంది. అందుకే క్రియ ముందే చెప్పేసి, అసలు మాటను విడిగా చివర పడేస్తాను. ఆ తర్వాత రెండు సెకన్లు నోరు మూసుకోవాలి. నాకు అన్నిటికన్నా కష్టం ఇదే. భయంతో తర్వాతి వాక్యం అందుకుంటే వస్తున్న నవ్వును మనమే తొక్కేస్తాం.

మైకు తీశాక స్టాండు పక్కకు జరపాలి. మైకు నోటికి రెండు మూడు వేళ్ల దూరంలో ఉండాలి. జాలీ ఉన్న భాగాన్ని అరచేత్తో కప్పినా, స్పీకర్ వైపు తిప్పినా కుయ్యిమంటుంది. చెయ్యి వణుకుతుంటే వణకనివ్వండి, మనం అనుకున్నంతమంది చూడరు. 2000లో మనస్తత్వవేత్త థామస్ గిలోవిచ్ బృందం ప్రచురించిన ప్రయోగంలో, సిగ్గుపడేలాంటి టీషర్టు వేసుకుని గదిలోకి వెళ్లిన విద్యార్థులు, గదిలోవాళ్లలో దాదాపు సగం మంది దాన్ని గమనించి ఉంటారనుకున్నారు. గమనించింది అందులో సగమే.

ఆడియో ఫోన్‌లో రికార్డు చేసి మర్నాడు వింటాను. ఆ రాత్రే వింటే అన్నీ చెడ్డగానే వినిపిస్తాయి. స్క్రిప్టులో నవ్వు వచ్చిన ప్రతిచోటా గీత పెడతాను. గీతకీ గీతకీ మధ్య 30 సెకన్లు దాటితే కోత. కోతకు దొరికేవి ఎప్పుడూ సమర్థింపులే: 'నిజానికి ఆ రోజు నాకు జ్వరం', 'మామూలుగా నేనలా కాదు' లాంటివి. పరువు ఇంకా వీటిలోనే దాక్కుని ఉంటుంది. ఒక్క రాత్రి తీర్పు మాత్రం నమ్మను. ఎదురుగా కూర్చున్నవాళ్లలో చాలామంది తమ వంతు కోసం చూస్తూ సొంత నోట్సు తిరగేసుకునే కమెడియన్లే.

వీడియో పెట్టడానికి తొందర వద్దు. హాల్లో పండిన జోకు ముందూ వెనకా తెగిన ముక్కగా ఆఫీసు గ్రూపుల్లో తిరిగితే ఫిర్యాదులా వినిపిస్తుంది. ఇంట్లోవాళ్ల ప్రస్తావన ఉంటే ముందు వాళ్లకు వినిపించి, వద్దన్నది తీసేశాకే అప్‌లోడ్ చేస్తాను.