మూరెడు తక్కువైంది పాపా

మా పాపకు పదమూడేళ్లు, సియాటెల్ దగ్గర మూడేళ్లుగా గోల్ఫ్ ఆడుతోంది. ఈ సెలవులకు అనంతపురం జిల్లాలో మా ఊరికి ఆరు వారాలు పోదామనగానే ముఖం మాడ్చుకుంది, ఆగస్టులో టోర్నమెంటు ఉంది, ప్రాక్టీసు ఎట్లా అని. నాకూ అదే టెన్షన్. చివరికి తన పద్నాలుగు క్లబ్బుల్లో, అంటే గోల్ఫ్ కర్రల్లో, మూడు మాత్రం తీసుకుని, డజను బంతులతో పాటు సూట్‌కేసులో చీరల మధ్య పెట్టుకొచ్చాం.

మొదటి రోజు వాకిట్లో శాండ్ వెడ్జ్ అనే క్లబ్బుతో చిన్న చిప్ కొట్టింది, అంటే బంతిని కాస్త లేపి, దిగాక దొర్లనిచ్చే దెబ్బ. టంగ్‌మని చప్పుడు, బంతి పైకి లేవకుండా నేలబారుగా పోయి మా అమ్మ విత్తనానికి వొలుస్తున్న వేరుశెనగ బుడ్డల కుప్పలో దూరింది. మళ్లీ కొట్టింది, మళ్లీ అంతే. శాండ్ వెడ్జ్ అడుగు కాస్త ఉబ్బుగా ఉంటుంది, దాన్ని బౌన్స్ అంటారు, ఇసుకలో, మెత్తటి గడ్డిలో క్లబ్బు దిగబడకుండా జారడానికి. ఎండి బిగిసిన మా మొరం నేల మీద ఆ ఉబ్బే తాకి ఎగిరి, క్లబ్బు అంచు బంతి నడుముకు తగులుతోంది. పాప మొదటి నుంచీ బంతికి ముందు నేలనే తాకుతోందన్నమాట, సియాటెల్ చిత్తడి గడ్డిలో ఆ తప్పు బయటపడలేదు, అంతే.

మరుసటి రోజు అడుగున ఉబ్బు తక్కువుండే పిచింగ్ వెడ్జ్ తీయించాను. బంతి కుడికాలి వైపు, బరువు ఎడమకాలి మీద, చేతులు బంతి కంటే కొంచెం ముందు, మణికట్టు విరవకుండా, ముందు బంతినే తాకాలి. చెప్పడానికి రెండు నిమిషాలు, రావడానికి పది రోజులు.

మా నాన్నకు గోల్ఫ్ తెలీదు, గోలీలు తెలుసు. అరుగు మీద నుంచి కాసేపు చూసి, గోనెసంచి తడిపి వాకిట్లో పరిచాడు, దానికి ఆవల ఒక చెంబు పడుకోబెట్టాడు. "చెంబును చూడొద్దు పాపా, యాడ పడాల్నో ఆడ చూడు" అన్నాడు. చిప్పింగ్‌లో అసలు సంగతి అదే కదా! మామూలు గ్రీన్ మీద, అంటే గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీద, పిచింగ్ వెడ్జ్ చిప్ సుమారు ఒక వంతు గాల్లో పోతే రెండు వంతులు దొర్లుతుంది, కాబట్టి గురి గుంతకు కాదు, బంతి దిగే చోటికి.

ఇక కొలతలు. నాన్న అడుగులూ గజాలూ చెప్పడు. "మూరెడు తక్కువైంది", "బెత్తెడు కుడికి పోయింది". ఇంట్లో నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్ల, నాలుగో రోజుకు చేయి నేల మీద ఆనించి జానలు కొలుస్తూ తాతతో వాదిస్తోంది! గోల్ఫ్ గుంత వెడల్పు నాలుగుంపావు అంగుళాలు, బెత్తెడు కన్నా కాస్త ఎక్కువని తనే లెక్కేసి చెప్పింది. తెలుగు క్లాసులకు ఎన్ని ఆదివారాలు బలవంతంగా తీసుకుపోయానో, ఈ కొలతల మాటల్లో ఒక్కటీ అక్కడ రాలేదు.

రాత్రిళ్లు మిద్దె మీద పడుకుని గోల్ఫర్ అదితి అశోక్ గురించి చెప్పేదాన్ని. ఎక్కడో కాదు, మా పక్కనే ఉన్న బెంగళూరు అమ్మాయి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఒక్క స్ట్రోక్, అంటే ఒక్క దెబ్బ, తేడాతో పతకం పోయి నాలుగో స్థానంలో నిలిచింది. దూరం కొట్టడంలో తనకన్నా ముందున్నవాళ్లు ఎందరో, అక్కడిదాకా తెచ్చింది పుట్టింగే, అంటే గ్రీన్ మీద బంతిని గుంతలోకి దొర్లించడమే. ఎత్తు తక్కువని బాధపడే మా పాప ఆ కథ మళ్లీ మళ్లీ అడిగింది.

తిరిగొచ్చి రెండు వారాలైంది. నిన్న ప్రాక్టీసు గ్రీన్ మీద తువ్వాలు పరిచి, దాని మీద బంతి దించి, వీడియో కాల్‌లో "తాతా, ఎంత తప్పింది?" అని అడిగింది. నాన్న ఫోన్ కళ్ల దగ్గరికి తెచ్చుకుని, "జానెడు" అన్నాడు.