ఐసు కరిగిపోయిన పూట

ఇవాళ తిరుపతిలో ఎండ మాడ్చేసింది. మా ల్యాబులో మిథైల్ అసిటేట్ అనే ఎస్టర్ జలవిశ్లేషణ, అంటే నీటితో అది విడిపోయే చర్య. దాని వేగం, చర్యారేటు కొలవాలి. అర నార్మల్ గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లం 100 మి.లీ.లో ఎస్టర్ 5 మి.లీ. కలిపి, పది నిమిషాలకోసారి 5 మి.లీ. పిపెట్‌తో తీసి ఐసునీళ్లలో వేయాలి. ఆ చల్లదనానికి చర్య దాదాపు ఆగిపోతుంది. వెంటనే టైట్రేషన్, అంటే బ్యూరెట్ గొట్టంలోంచి సోడియం హైడ్రాక్సైడ్ క్షారాన్ని చుక్కచుక్కగా కలిపి ఆమ్లాన్ని కొలవడం. కొత్తగా ఎంత ఎసిటిక్ ఆమ్లం పుట్టిందో బ్యూరెట్ చెబుతుంది.

మూడో రీడింగుకే ఐసంతా నీళ్లయిపోయింది. ఆమ్లం అయిపోయిందని చూపే ఫినాఫ్తలీన్ సూచిక గులాబి రంగు వచ్చినట్టే వచ్చి మాయమవుతోంది. మిగిలిన ఎస్టర్ క్షారంతో కూడా చర్య జరుపుతుంది కదా, చల్లగా లేకపోతే ఆ రంగు నిలవదు. నిజంగా ఏడుపొచ్చింది. మా జూనియర్ పిల్లోడు బాలాజీ కాలనీ వైపు చెరుకురసం బండి దగ్గరికి పరిగెత్తి, "అన్నా, కొంచెం ఐసియ్యన్నా" అని అడిగి కవరు నిండా తెచ్చాడు. బండాయన దుడ్లు తీసుకోలేదంట. ఆయనకు దండం పెట్టాలి.

మళ్లీ మొదటినుంచీ చేశాం. ఈసారి గులాబి నిలిచింది.

1850లో జర్మన్ శాస్త్రవేత్త విల్‌హెల్మీ చక్కెర ద్రావణం మీద ఇలాగే గడియారం చూస్తూ చర్యారేటు కొలిచాడు. ఈ రోజు ఆయన ఓపిక ఎంతటిదో తెలిసొచ్చింది.

గ్రాఫు ఇంకా గీయలేదు. అనంతకాలపు రీడింగు, అంటే చర్య పూర్తయ్యాక తీసే రీడింగు, రావాలంటే మిగతా ద్రావణం రెండు రోజులుండాలి. మూత బిగించి, "కదపొద్దు" అని చీటీ అంటించి వచ్చాను.